పధ్నాలుగో వారం

లారీ టార్పాలిన్ కత్తిరించాలంటే నేలే గతి, ఏ బల్లా చాలదు. ఆవిడ ముందుగదిలో పద్దెనిమిది అడుగుల పచ్చగుడ్డ పరిచి, దాని మీద మోకాళ్ళతో పాకుతూ, సుద్దముక్క చెవి మీద దోపుకుని, టేపుతో అంచులు కొలుస్తోంది. పొద్దున ఎనిమిదైంది. లారీ యజమాని పదకొండుకల్లా వస్తానన్నాడు. కుట్టాల్సిన మనిషి మాత్రం మిషను దగ్గర లేడు, అద్దం ముందు ఉన్నాడు.

“ఏమండీ, అంచు మడతకి మూడంగుళాలు వదలనా, నాలుగా?” అని కేకేసింది.

“ఈ కోటు భుజాల దగ్గర కొంచెం బిగుతుగా ఉందంటావా?” అని లోపలినుంచి జవాబొచ్చింది.

ఆవిడ తనే నాలుగంగుళాలు వదిలేసింది. పది రోజులుగా ఆ ఇంట్లో ఏం అడిగినా జవాబు ఆ కోటే. వచ్చే గురువారం కూతురి బ్యాడ్జి రోజు. ఆ రోజు ఆ కోటు తొడుక్కుని, నాలుగొందల మంది ముందు మైదానం మధ్యకి నడిచివెళ్ళి, ఆయన తన చేత్తో కూతురికి కమాండో బ్యాడ్జి పెట్టబోతున్నాడు. వీధి చివర సెలూన్ ఆయనకి ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పాపం, అతను మంచివాడు కాబట్టి, ప్రతిసారీ కొత్తగా విన్నట్టే కత్తెర ఆపి వినేవాడు.

ఆయన సైన్యంలో ఇరవై ఏళ్ళు చేశాడు. అందులో పద్దెనిమిదేళ్ళు పారాషూట్లు మడతపెట్టే విభాగంలో. పొడవాటి బల్లల మీద గుడ్డ పరిచి, తాళ్ళు విడదీసి, మడతకి మడత లెక్కపెట్టి సంచిలో కూర్చడం, కూర్చినవాడు కార్డు మీద సంతకం పెట్టడం. ఆ చేతివాటంతోనే, పదవీ విరమణ తర్వాత ఈ కొట్టు పెట్టుకున్నారు. టార్పాలిన్లు, గుడారాలు, కారు కవర్లు, దుకాణాల ముందు ఎండకు కట్టే గుడ్డ పందిళ్ళు. ఆవిడ కత్తిరిస్తే ఆయన కుడతాడు. కానీ ఆయన్ని కదిపితే ఆ పద్దెనిమిదేళ్ళ గురించి నాలుగు ముక్కలు కూడా చెప్పడు. చెప్పేదంతా మొదటి రెండేళ్ళ గురించే. కమాండో దళంలో ఉన్న రెండేళ్ళ గురించి.

ఆ కథ ఆవిడకి కంఠతా వచ్చు. ఇరవై రెండు వారాల శిక్షణ. పధ్నాలుగో వారంలో వీపు మీద ముప్పై కిలోల మూటతో నలభై కిలోమీటర్ల నడక. అప్పటికే ఆయన కాలు పిక్క దాకా వాచిపోయి ఉంది. ఎవరికీ చెప్పలేదు. పట్టీ బిగించి కట్టుకుని, పళ్ళు బిగబట్టి, నలభయ్యో రాయి దాటాక గానీ కూర్చోలేదు. బ్యాడ్జి వచ్చింది. తర్వాత చేతి పనితనం చూసి పారాషూట్ విభాగం వాళ్ళు పట్టుబట్టి అడిగి తీసుకెళ్ళారు. దళం వదిలితే బ్యాడ్జి తిరిగి ఇచ్చేయాలట, అందుకే ఇంట్లో లేదు. పేరు మాత్రం శిక్షణ కేంద్రంలో గోడ మీద చెక్క పలకపై శాశ్వతంగా ఉండిపోతుందట. పెళ్ళయిన కొత్తలో ఈ కథ విని ఆవిడ మురిసిపోయింది. కూతురైతే ఉగ్గుపాలతో పాటే తాగింది.

కూతురి అసలు పేరు స్కూలు రిజిస్టరులో ఉంది గానీ ఇంట్లో పుట్టినప్పటి నుంచీ పిడుగే. పదేళ్ళకే తండ్రి వెనక పరుగెత్తేది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, “నాన్నా, కాలు వాచిన కథ చెప్పు” అనేది. పద్దెనిమిది నిండగానే సైన్యంలో చేరింది, ఇరవై రెండేళ్ళకి కమాండో శిక్షణకి ఎంపికైంది. నిరుడే పూర్తి కావలసింది. కానీ మొత్తం బ్యాచ్ తేదీలన్నీ వెనక్కి జరిపారని ఫోన్ చేసి చెప్పింది. “ఇలాంటివి మామూలేనే, మా రోజుల్లోనూ జరిగేవి” అని ఆయన ఆవిడకి వివరంగా బోధించాడు కూడా.

ఆ దళంలో ఒక పద్ధతి ఉంది. బ్యాడ్జి పెట్టడమనేది ప్రధాన శిక్షకుడి పని. కానీ శిక్షణ పూర్తిచేసినవాళ్ళ ఇంట్లో, అంతకుముందు అదే బ్యాడ్జి తెచ్చుకున్న మనిషి ఎవరైనా ఉంటే, శిక్షకుడు పక్కకి తప్పుకుని ఆ మనిషిని మైదానంలోకి పిలుస్తాడు. అదే ఇప్పుడు ఈ కోటుకి వచ్చిన వైభోగం.

తొమ్మిదిన్నరకి పోస్టులో కవరు వచ్చింది. ఆయన చేతులు కడుక్కుని మరీ విప్పాడు. లోపల రెండు సీటు కార్డులు, ఒక కార్యక్రమ పత్రం. సీటు కార్డుల మీద మూడో వరుస, పదకొండు, పన్నెండు అని ఉంది.

“మూడో వరుసేమిటండీ? పిలిచేవాళ్ళని ముందు వరుసలో కూర్చోబెడతారన్నారుగా?” అంది ఆవిడ భుజం మీదుగా చూస్తూ.

ఆయన రెండో కాగితం విప్పాడు. కార్యక్రమ పత్రంలో పంతొమ్మిది మంది పేర్లున్నాయి. ఒక్కో పేరు ఎదురుగా బ్యాడ్జి ఎవరు పెడతారో రాసి ఉంది. ఒకబ్బాయికి తాతగారు. ఇంకొకరికి అన్నయ్య. పిడుగు పేరు ఎదురుగా ‘ప్రధాన శిక్షకులు’ అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో, వివరాలు శిక్షణార్థులు స్వయంగా నింపిన పత్రాల ప్రకారం అని ఉంది.

ఆయన మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

“గుమాస్తా పొరపాటు” అన్నాడు చివరికి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని మిషను దగ్గర కూర్చున్నాడు. కోటు విప్పలేదు. ఆ ఉక్కలో, ఆ కోటుతోనే లారీ టార్పాలిన్ అంచు కుడుతూ కూర్చున్నాడు.

ఆవిడకి ఒక సంగతి అర్థం కాలేదు. వీధిలో దీపస్తంభం కాస్త ఒరిగితే మునిసిపాలిటీకి నాలుగు ఫోన్లు చేసే మనిషి, ఈ పొరపాటు గురించి ఒక్క ఫోను చెయ్యలేదు. మధ్యాహ్నం గుర్తుచేస్తే, “పెద్దవాళ్ళు బిజీగా ఉంటారు” అన్నాడు. మర్నాడు గుర్తుచేస్తే, “దాని ఇష్టం దానిది, నాకేమన్నా సరదానా?” అని ముక్కు ఎగబీల్చాడు. అన్నం సగంలో వదిలేసి లేచాడు. సెలూన్ వైపు వెళ్ళడం మానేశాడు, గడ్డం మాసింది.

శుక్రవారం ఆయన సరుకు తేవడానికి వెళ్ళగానే, ఆవిడే శిక్షణ కేంద్రం ఆఫీసుకి ఫోన్ చేసింది. అవతల గుమాస్తా ఎంతో మర్యాదగా, ఆగమని చెప్పి, ఫైలు తీసి చదివాడు. పొరపాటేమీ లేదమ్మా అన్నాడు. ‘కుటుంబంలో బ్యాడ్జి పొందినవారు’ అన్న చోట, మీ అమ్మాయే స్వహస్తాలతో ‘ఎవరూ లేరు’ అని రాసింది అన్నాడు.

ఎవరూ లేరు. ఫోను పెట్టేశాక కూడా ఆవిడ చెవుల్లో ఆ రెండు మాటలే మోగాయి. తెల్లవారుజామున ఐదింటికి లేపి, చెయ్యి పట్టుకుని పరుగెత్తించిన తండ్రి. బూట్లకి దారం పోతే పారాషూట్ సూదితో కుట్టిచ్చిన తండ్రి. ఇంత పెద్దదయ్యాక, నలుగురిలో తన పేరు పక్కన తండ్రి పేరు ఉండకూడదనుకుందా? పారాషూట్లు మడతపెట్టే మనిషని నామోషీనా, టార్పాలిన్లు కుట్టే తండ్రిని ఆఫీసర్ల ముందుకి పిలవడానికి సిగ్గా? కన్నకూతురే ఇంత మాట రాస్తే ఆ మనిషి ఎవరితో చెప్పుకుంటాడు? ఆవిడకి కూతురి మీద పుట్టి బుద్ధెరిగాక అంత కోపం ఎప్పుడూ రాలేదు.

పిడుగు శనివారం మధ్యాహ్నం దిగింది. బ్యాడ్జి రోజుకి ముందు ఒకటిన్నర రోజు సెలవిచ్చారట. మనిషి సన్నబడింది, మెడ నల్లబడింది, చూపు మాత్రం స్థిమితంగా ఉంది. తల్లిని కావలించుకుంది. తండ్రి మిషను దగ్గర నుంచి లేవలేదు. “వచ్చావా” అన్నాడు గుడ్డ మీద నుంచి చూపు తిప్పకుండానే.

భోజనాలయ్యేదాకా ఆవిడ ఓపిక పట్టింది. పిల్ల కడుపునిండా తిననీ అనుకుంది. తిన్నాక, కంచాలు తీయకుండానే, కార్యక్రమ పత్రం తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఇదేమిటే?”

పిడుగు కాగితం వైపు చూసింది, తండ్రి వైపు చూసింది.

“ఆఫీసుకి ఫోన్ చేశాను. నువ్వే రాశావట, ఎవరూ లేరని. మీ నాన్న పది రోజులుగా ఆ కోటు వేసుకుని విప్పి, వేసుకుని విప్పి చస్తున్నాడే. వీధిలో తలెత్తుకోలేక గడ్డం కూడా గీయించుకోలేదు. ఏం పాపం చేశాడని నీకు?”

“అమ్మా, నేను నిజమే రాశాను.”

“ఏది నిజం? నిన్ను ఇంతదాన్ని చేసిన మనిషి లేకుండా పోవడమా?”

పిడుగు తండ్రి వైపు తిరిగింది. “మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?” అంది.

పుట్టిన దగ్గర నుంచీ తండ్రిని నువ్వు అనే పిల్ల. ఆ ‘మీరు’ వినగానే ఆవిడ పక్క కుర్చీలో కూర్చుండిపోయింది. ఆయన కంచంలో వేళ్ళతో గీతలు గీస్తున్నాడు. చివరికి పిడుగే మొదలుపెట్టింది.

నిరుడు బ్యాచ్ తేదీలు జరగడమన్నది అబద్ధమని చెప్పింది. బ్యాచ్ దాని మానాన అది వెళ్ళింది, ఆగిపోయింది తను ఒక్కతే. పన్నెండో వారంలో కుడికాలికి మోకాలి కింద, ముందెముక దగ్గర నొప్పి మొదలైంది. గుర్తుందా అమ్మా, ఆదివారం ఫోన్ చేశాను, అంది.

ఆవిడకి గుర్తులేకపోవడమేమిటి? ఫోను ముందు తన చేతిలోనే ఉంది. కాలు నొప్పిగా ఉందమ్మా అని పిల్ల అంటే, డాక్టరుకి చూపించుకో తల్లీ అనబోయింది. మాట సగంలో ఉండగానే ఆయన ఫోను లాక్కున్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళావంటే బ్యాచ్‌లోంచి తీసేస్తారు, పట్టీ బిగించి కట్టుకో, నేను నడవలేదా, బ్యాడ్జి వచ్చాక ఎంతమంది డాక్టర్లకైనా చూపించుకోవచ్చు అన్నాడు. సైన్యం సంగతి తనకేం తెలుసు అని ఆవిడ ఊరుకుంది.

పిడుగు పట్టీ కట్టుకుంది. రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. పధ్నాలుగో వారం నడకలో ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర ఎముక ఫట్‌మని విరిగింది. విరిగిన చప్పుడు తనకే వినిపించిందట. డాక్టరు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడట. మొదటి రోజే వచ్చి ఉంటే ఎముకకి చిన్న చీలిక, మూడు వారాల విశ్రాంతితో పోయేది, అదే బ్యాచ్‌లో పూర్తిచేసేదానివి అన్నాడట. పిండికట్టు వేసి, తర్వాతి బ్యాచ్‌లో మొదటి నుంచీ మొదలుపెట్టమన్నారు.

“మాకు చెప్పలేదేమే?” అంది ఆవిడ.

“నాన్న వాచిన కాలితో నలభై నడిచారు, నేను ముప్పై ఒకటికే పడిపోయాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను?” అంది పిడుగు.

కాలికి కట్టుతో ఉన్నవాళ్ళని ఊరికే కూర్చోబెట్టరు, కూర్చుని చేసే పనేదో ఇస్తారు. పిడుగుకి ఇచ్చిన పని, బ్యాడ్జి వస్తే గానీ అడుగుపెట్టనివ్వని హాల్లో గోడ మీది పలకల మీద పేర్లకి మళ్ళీ రంగు వేయడం. పసుపు రంగు డబ్బా, సన్న కుంచె. ఏ ఏడాదికి ఆ ఏడాది పలక. తనకి ఎంత సంతోషమేసిందో చెప్పలేనంది. నాన్న పేరు నా చేత్తో నేనే దిద్దొచ్చు అనుకున్నానమ్మా, అంది. మిగతా పలకలన్నీ వదిలేసి ముందు ఆ ఏడాదిది దింపించుకుంది. పదహారు పేర్లున్నాయి. నాన్న పేరు లేదు. రంగు వెలిసిపోయిందేమోనని తడిగుడ్డతో తుడిచింది. ముందు ఏడాది చూసింది, తర్వాతి ఏడాది చూసింది. పలక మీద రాసేటప్పుడు వదిలేశారని, ఎలాగైనా రాయించాలని పంతం పట్టి, రికార్డుల గదిలో పెద్దాయన్ని బతిమాలి పాత రిజిస్టరు తీయించింది.

రిజిస్టరులో ఉంది. నాన్న పేరు, ఊరు, పుట్టినతేదీ. ఎదురుగా ఒకే వాక్యం. దాన్ని పిడుగు చూసి చదువుతున్నట్టే చెప్పింది. “పధ్నాలుగో వారం నడకలో, ఇరవై ఆరో కిలోమీటరు వద్ద కుడికాలి ఎముక విరిగినందున శిక్షణ నుంచి తొలగించడమైనది. నొప్పిని రెండు వారాలు దాచిపెట్టినట్టు తెలిసినది.”

ముందుగదిలో ఎవరో కొట్టు తెరిచే ఉందా అని పిలిచారు. ముగ్గురిలో ఎవరూ పలకలేదు. పిలిచినవాళ్ళు వెళ్ళిపోయారు.

ఆవిడ భర్త వైపు చూసింది. ఇరవై ఏడేళ్ళు పక్కన పడుకున్న మనిషి. ఆయన కాదంటాడని, రిజిస్టరు తప్పని ఒంటికాలి మీద లేస్తాడని ఆవిడ ఎదురుచూసింది. మనసులో ఒక మూల నుంచి, లేవండి, కాదనండి అని బతిమాలింది కూడా. ఆయన లేవలేదు.

“తొలగించినవాళ్ళకి అప్పట్లో రెండో అవకాశం లేదు” అన్నాడు ఎవరికీ కాకుండా. “కట్టు విప్పగానే పారాషూట్ బల్ల దగ్గర నిలబెట్టారు. మా నాన్నకి ఉత్తరం రాయాలి. అప్పటికే ఆయన ఊరంతా చాటుకున్నాడు. పాసయ్యానని రాశాను. ఒక్క ఉత్తరమే అనుకున్నాను. తర్వాత నువ్వు అడిగావు. తర్వాత ఇది పుట్టింది, ఇదీ అడిగింది.” కంచం పక్కకి నెట్టాడు. “చెప్పిచెప్పి, ఆ చివరి పధ్నాలుగు కిలోమీటర్లూ నిజంగా నడిచినట్టే ఉండేది నాకు. ముప్పై ఏళ్ళ కిందటి రిజిస్టరు ఎవడు తీస్తాడులే అనుకున్నాను.”

“మీరు పాసవ్వలేదని కాదు నాన్నా నా బాధ” అంది పిడుగు. అప్పటిదాకా పట్టుకున్న ఆ ‘మీరు’ తర్వాతి మాటకే జారిపోయింది. “ఆ వాక్యం చదివి ఎంత ఏడ్చానో నీకేం తెలుసు. ఇద్దరికీ అదే కాలు, అదే వారం. దాచిపెడితే ఏమవుతుందో ఈ లోకంలో నీకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. అలాంటిది నేను ఫోన్ చేసి నొప్పిగా ఉందంటే, నిజం చెప్పకుండా ఆ కథే మళ్ళీ చెప్పావు. దాచుకుని నేను పోగొట్టుకున్నాను తల్లీ, నువ్వు వెళ్ళి చూపించుకో అని ఒక్క మాట అనలేకపోయావా? నీ కథ నిలబడటానికి నా కాలు కావాల్సొచ్చిందా?”

ఆయన కుర్చీ వెనక్కి జరిపి, కూతురి ముందు నేల మీద కూర్చున్నాడు. “ఏదీ, చూపించు” అన్నాడు. పిడుగు ప్యాంటు పైకి మడిచింది. ముందెముక మీద, మోకాలికీ మడమకీ మధ్యలో, అతుక్కున్న చోట చిన్న బొడిపె ఉంది. పారాషూట్ తాళ్ళలో వెంట్రుకంత ముడి ఉన్నా పట్టేసే వేళ్ళు అవి. వాటిని ఆ బొడిపె మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. కాసేపటికి భుజాలు కదిలాయి. ఆయన ఏడవడం ఆవిడ ఆ ఇంట్లో మొదటిసారి చూసింది.

“నేనే విరగ్గొట్టాను తల్లీ” అన్నాడు. “నేనే.”

పిడుగు తండ్రి తల మీద చెయ్యి వేసింది గానీ, కాదు నాన్నా అనలేదు. అనకపోవడమే మంచిదనిపించింది ఆవిడకి.

ఆవిడ మాత్రం ఏడవలేదు. లేచి ముందుగదిలోకి వెళ్ళి, కత్తిరించాల్సిన కారు కవరు తీసి, గీత మీద కాకుండా గీత పక్కన కత్తిరించింది. తర్వాత ఆ ముక్క పక్కన పడేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కథ అబద్ధమైతే అవనీ, మగవాళ్ళ గొప్పలు ఎక్కడ లేవు? కానీ ఆ ఆదివారం ఫోను తన చేతిలో ఉంది. సరైన మాట తన నోట్లోనే ఉంది. సైన్యం సంగతి తెలిసినవాడని ఆ మాట మింగేసింది. తెలిసినదాన్ని దాచుకున్న మనిషి ముందు, తెలియనిదాన్నని తల వంచింది. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడితే, ఆ మాటే మొహాన చెప్పింది. “నన్ను ఇరవై ఏడేళ్ళు వెర్రిదాన్ని చేశారు, సరే. నా బిడ్డకి నేను చెప్పాల్సిన మాట నా నోట్లోంచి లాగేశారు. అది మాత్రం నేను తొందరగా మర్చిపోలేను.”

ఆయన తలూపాడు. సంజాయిషీ చెప్పుకోలేదు.

మర్నాడు పొద్దున ఆయన సెలూన్‌కి వెళ్ళాడు. ఏం మాట్లాడాడో సాయంత్రానికి సెలూన్ ఆయన భార్య ద్వారా ఆవిడకి తెలిసింది. గడ్డానికి సబ్బు రాయించుకుని, అద్దంలో తనని తానే చూసుకుంటూ, నేను కమాండోని కాదయ్యా, పధ్నాలుగో వారంలో తీసేశారు, ఇన్నాళ్ళూ నీకు చెప్పింది అబద్ధం అన్నాడట. బెంచీ మీద ఇద్దరు ముగ్గురు కూడా ఉన్నారట. సెలూన్ ఆయన కత్తి ఆపి, “అయితే సార్, అమ్మాయిది నిజమేనా?” అని అడిగాడట. దానిది నిజమే అని చెప్తే, ఇంకేం మరి అని గడ్డం గీసేశాడట. ఆవిడకి నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు కోపమూ వచ్చింది.

కూతురు బస్సెక్కేముందు, “గురువారం వస్తావుగా నాన్నా?” అని అడిగింది. రావాలా అన్నట్టు చూశాడు ఆయన. “మూడో వరుస” అంది పిడుగు. “వస్తాను” అన్నాడు.

గురువారం భార్యాభర్తలిద్దరూ మూడో వరుసలో పదకొండు, పన్నెండు సీట్లలో కూర్చున్నారు. దారిపొడవునా ఆవిడ అవసరమైన మాటలే మాట్లాడింది. మైదానంలో పంతొమ్మిది మంది నిలబడ్డారు. తాతగారొకరు చేతికర్రతో నడిచి వెళ్ళి మనవడికి బ్యాడ్జి పెడుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కూడా కొట్టాడు. పిడుగు వంతు వచ్చినప్పుడు ప్రధాన శిక్షకుడు ఆమె ఛాతీ మీద బ్యాడ్జి గుచ్చి, వెనక్కి అడుగేసి సెల్యూట్ చేశాడు. ఆవిడ పక్కకి చూసింది. ఆయన చేతులు మోకాళ్ళ మీద బిగించి పట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఆ మొహంలో అసూయ వెతికింది ఆవిడ, కోపం వెతికింది. ఎంత వెతికినా కూతురు తప్ప ఏమీ కనిపించలేదు.

తర్వాత చెట్ల కింద టీలు ఇచ్చారు. తర్వాతి బ్యాచ్ వాళ్ళు, ఇంకా శిక్షణలో ఉన్నవాళ్ళు, వరుసగా నిలబడి అతిథులకి కప్పులు అందిస్తున్నారు. పిడుగు తండ్రి చెయ్యి పట్టుకుని వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. ఇప్పుడేం చెప్తుందోనని ఆవిడ వాళ్ళ వెనకే గబగబా నడిచింది.

“మా నాన్న” అంది పిడుగు. “ఇక్కడే శిక్షణ తీసుకున్నారు. పధ్నాలుగో వారం దాకా వచ్చారు.”

ఆ పిల్లలు కప్పులు బల్ల మీద పెట్టేసి నిటారుగా నిలబడ్డారు. పధ్నాలుగో వారమంటే ఏమిటో ఆ మైదానంలో వాళ్ళకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఒకబ్బాయి, “నడకలోనా సార్? ఎంతవరకు వెళ్ళారు?” అని అడిగాడు.

“ఇరవై ఆరు” అన్నాడు ఆయన. “కాలు నొప్పని చెప్పకుండా దాచాను. అక్కడ విరిగింది. మా అమ్మాయి ముప్పై ఒకటి దాకా వెళ్ళింది. నాకంటే ఐదు ఎక్కువ.”

భర్త గొప్పలు చెప్పుకోవడం ఆవిడ ఇరవై ఏడేళ్ళుగా వింటూనే ఉంది. ఎదుటివాళ్ళు నమ్మారా లేదా అని చివర్లో ఒకసారి కళ్ళలోకి చూసేవాడు ప్రతిసారీ. ఇప్పుడు ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

వరుస చివర్లో ఒక అమ్మాయి నిలబడి ఉంది. పంతొమ్మిది, ఇరవై ఏళ్ళుంటాయేమో. అందరూ రెండు కాళ్ళ మీదా నిలబడితే, ఆ పిల్ల బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడింది. ఆయన మాట్లాడుతున్నవాడు మధ్యలో ఆగిపోయి ఆ పిల్ల బూట్ల వైపు చూశాడు.

“ఎన్నాళ్ళ నుంచి?” అని అడిగాడు.

ఆ పిల్ల అటూ ఇటూ చూసి, ఏం లేదు సార్ అంది. ఆయన కదల్లేదు. ఆ పిల్ల గొంతు తగ్గించి, “ఆదివారం నుంచి సార్. కొంచెమే. ఎవరికీ చెప్పకండి” అంది.

“అలా అంటే కుదరదమ్మా” అన్నాడు ఆయన. చేతిలో కప్పు పక్కన పెట్టేశాడు. “పద, నేనూ వస్తాను. డాక్టరు గది ఆ పాత షెడ్డు వెనకేగా ఉండేది, ఇప్పుడెక్కడుంది?”

ఆ పిల్ల బిక్కమొహం వేసి పిడుగు వైపు చూసింది. పిడుగు వెళ్ళమన్నట్టు తలూపింది. ఇద్దరూ మైదానం అంచు వెంట నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళారు. అది కుంటుతోంది, ఆయన దాని అడుగుకి తగ్గట్టు తన అడుగు తగ్గించుకున్నాడు. ఏదో చెప్తున్నాడు. ఇంతదూరం నుంచి ఒక్క ముక్కా వినపడకపోయినా, ఏ కథ చెప్తున్నాడో, ఈసారి అది ఎన్నో కిలోమీటరు దగ్గర ఆగుతుందో ఆవిడకి తెలుసు.

“అమ్మా, ఏడుస్తున్నావా?” అంది పిడుగు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, “మీ నాన్న వచ్చేదాకా ఉందాం. ఆయన టీ చల్లారిపోయింది, ఇంకొకటి తెప్పించు” అంది.